కార్డన్ సెర్చ్‌లతో బస్తీలు అదుపులో ఉంటాయా?

బస్తీ కుర్రాడు:
మొన్న రాత్రి పదిన్నరకు పోలీసులు కార్డన్ సెర్చ్ అంటూ మా బస్తీకి రెండు వైపులా దారి మూసేసి ఇల్లిల్లూ తనిఖీ చేశారు. నాన్న బనియన్ మీదే బయటకొచ్చి, ఆధార్ కార్డు పట్టుకుని గోడ పక్కన నిలబడ్డాడు. నా బండి సెకండ్ హ్యాండ్‌ది. ఆర్‌సీ ఇంకా పాత ఓనర్ పేరు మీదుందని ఎత్తుకెళ్లారు. విడిపించుకోవడానికి మూడు రోజులు డ్యూటీ పోయింది. గేటెడ్ కమ్యూనిటీల్లో ఇలా చేస్తారా?

శ్రీలత:
తమ్ముడూ, మీ నాన్నగారిని తలుచుకుంటే బాధేసింది. కానీ 2014 అక్టోబరులో ఆడపిల్లల్ని వేధించేవాళ్లను పట్టుకునే పోలీసు బృందాలు, షీ టీమ్స్ రాకముందు కోఠి బస్టాప్‌లో ఫైలు గుండెలకు అదుముకుని నిలబడేదాన్ని. మఫ్టీలో పోలీసులున్నారని తెలిశాకే పోకిరీలు వెనక్కి తగ్గారు. మా కాలనీలో చందాలు వేసుకుని మరీ కెమెరాలు పెట్టించాం. భయం లేకపోతే ఎవరు వింటారు?

బస్తీ కుర్రాడు:
అక్కా, షీ టీమ్స్ వెధవ పని చేసినవాణ్ణే పట్టుకుంటాయి. మా దగ్గర బస్తీ మొత్తం అనుమానితులమే. భయం సంగతంటారా, 2019 డిసెంబర్ 6న చటాన్‌పల్లిలో దిశ అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగురిని పోలీసులు ఎన్‌కౌంటర్‌లో కాల్చేస్తే జనం పోలీసుల మీద పూలు చల్లారు. నేనూ స్టేటస్ పెట్టాను. 2022లో, దానిపై విచారణకు సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్, చంపాలనే కాల్చారని, చనిపోయినవాళ్లలో ముగ్గురు మైనర్లని తేల్చింది. అది చదివాక రెండు రోజులు మనసు మనసులో లేదు. విచారణే జరగకపోతే, రేపు తప్పు మనిషిని పట్టుకొస్తే ఎలా తెలుస్తుంది? అదే డ్రంక్ అండ్ డ్రైవ్ చూడండి. పెద్ద కారైనా ఆటో అయినా గొట్టం ఊదాల్సిందే. అందుకే మా ఫ్రెండ్స్ ఇప్పుడు పార్టీకి క్యాబ్‌లో వెళ్తున్నారు.

రిటైర్డ్ పీసీ:
నేను కానిస్టేబుల్‌గా చేసి దిగిపోయాను. కార్డన్ సెర్చ్‌లో మాకు ఎక్కువగా దొరికినవి కాగితాల్లేని బండ్లే. దొంగ ఆచూకీ మాత్రం టీకొట్టు దగ్గరే తెలిసేది, అదీ రోజూ బీట్ తిరిగి, పేరు పెట్టి పలకరించే కానిస్టేబుల్‌కి. నిద్రలేపి గోడకు నిలబెట్టినవాడు మర్నాడు మనకేం చెబుతాడు? శ్రీలతమ్మా, కెమెరా మొహం చూపిస్తుంది. ఆ మొహం ఎవరిదో చెప్పాల్సింది మళ్లీ ఆ బస్తీవాళ్లే. బాబూ, ముందు ఫారం 29, 30 నింపి ఆర్టీఏ ఆఫీసులో బండి నీ పేరు మీదకు మార్పించుకో. ఇంకోసారి ఎత్తుకెళ్తే రశీదు అడుగు.