దరఖాస్తు వ్యాసంలో మన తెలుగుతనం గురించి రాయాలా, వద్దా?

ప్రశ్న: బరంపురం నుంచి ఒక విద్యార్థిని

పెద్దలకు, అక్కలకు, అన్నయ్యలకు నమస్కారం. నేను బరంపురంలో పన్నెండో తరగతి చదువుతున్నాను. మా నాన్నగారు పట్టుచీరలు నేస్తారు. మా ఇంట్లో తెలుగు మాట్లాడతాం. ఏడో తరగతి దాకా ఒడియా మాధ్యమంలో చదివాను, ఇప్పుడు ఇంగ్లీషులో చదువుతున్నాను. అమెరికాలో కొన్ని కాలేజీలకూ, మన దేశంలో వ్యాసం అడిగే అశోకా విశ్వవిద్యాలయానికీ దరఖాస్తు పెట్టాలని అనుకుంటున్నాను.

అమెరికా కాలేజీలకు కామన్ యాప్ (చాలా కాలేజీలకు ఒకే దరఖాస్తు పంపుకునే ఆన్‌లైన్ వేదిక) ద్వారా పంపే ప్రధాన వ్యాసం 650 పదాలు దాటకూడదు. ఇచ్చిన ఏడు ప్రశ్నల్లో మొదటిది నన్ను ఇబ్బంది పెడుతోంది. మీ నేపథ్యమో, గుర్తింపో, ఆసక్తో, ప్రతిభో, ఏది చెప్పకపోతే దరఖాస్తు అసంపూర్ణమని మీకు అనిపిస్తుందో దాని గురించి రాయమని అందులో అడిగారు. "భాష, కులం జోలికి పోకు, జాలి కోసం రాసినట్టుంటుంది" అని మా ఇంగ్లీషు సార్ అంటున్నారు. హైదరాబాదులో ఉన్న మా పెద్దమ్మగారి అబ్బాయి మాత్రం "అదే నీ బలం, అది రాయకపోతే వేలమందిలో కలిసిపోతావు" అంటున్నాడు.

చిన్నప్పుడు బళ్లో నన్ను "తెలెంగా పిల్ల" అని పిలిచేవారు. ఆ మాటకు చాలా బాధపడేదాన్ని. అయితే వేసవి సెలవుల్లో నన్ను తన ఇంటికి పిలిపించుకుని లెక్కలు నేర్పి, చదువు మీద ఆశ పుట్టించిన టీచరమ్మ కూడా ఒడియా ఆవిడే. మొదటిది రాసి రెండోది వదిలేస్తే అన్యాయం చేసినట్టవుతుంది. రెండూ రాస్తే వ్యాసం ఎటూ తేలకుండా పోతుందేమోనని భయంగా ఉంది. పైగా 2023లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత ఇలాంటి విషయాలు వ్యాసంలో రాయకూడదని కొందరు అంటున్నారు. అది నిజమేనా? దయచేసి చెప్పండి.

జవాబు: రాయగడ నుంచి వెళ్లి అమెరికాలో చదువుకున్న ఒక అన్నయ్య

చెల్లీ, ముందు కోర్టు సంగతి చెబుతాను. 2023 జూన్ 29న హార్వర్డ్, నార్త్ కరోలినా విశ్వవిద్యాలయాల కేసుల్లో వచ్చిన ఆ తీర్పు, విద్యార్థి ఫలానా జాతికి చెందినవాడన్న కారణంతోనే ప్రవేశంలో మొగ్గు చూపడాన్ని ఆపింది. విద్యార్థి రాసుకోవడాన్ని ఆపలేదు. తన జాతి తన జీవితాన్ని ఎలా తాకిందో, అది వివక్ష రూపంలో గానీ, స్ఫూర్తి రూపంలో గానీ, విద్యార్థి చెబితే కాలేజీ దాన్ని పరిగణించవచ్చని ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ ఆ తీర్పులోనే రాశారు. అయితే అది ఆ మనిషి గుణానికో, ఆ మనిషి కాలేజీకి తేగలిగిన సామర్థ్యానికో ముడిపడి ఉండాలన్నారు. ఆ తర్వాత చాలా కాలేజీలు తమ అనుబంధ వ్యాసాల్లో నీ సముదాయం గురించీ, నీ జీవితానుభవం గురించీ అడిగే ప్రశ్నలు చేర్చాయి. ఆ కేసు నడిచింది అమెరికా జాతుల గురించి. విదేశాల నుంచి వచ్చే విద్యార్థులను అక్కడి ప్రభుత్వ లెక్కల్లో జాతివారీగా చూపించరు, విదేశీయులుగా విడిగా చూపిస్తారు. అందువల్ల ఆ తీర్పు గురించి నువ్వు భయపడవలసిన పని లేదు.

చాలామంది పట్టించుకోని సంగతి ఇంకొకటి ఉంది. నీకు ఏయే భాషలు వచ్చో, ఇంట్లో ఏది మాట్లాడతారో, మీ అమ్మానాన్నలు ఎంతవరకు చదువుకున్నారో, ఏం పని చేస్తారో కామన్ యాప్ ఫారంలోనే అడుగుతారు. చదువుకు ఏదైనా ఆటంకం కలిగి ఉంటే చెప్పుకోవడానికి అదనపు సమాచారమనే భాగం కూడా ఉంది. నువ్వు నేతపనివారి ఇంటి తెలుగు అమ్మాయివన్న సమాచారం వ్యాసం లేకపోయినా వాళ్లకు చేరుతుంది కాబట్టి, వ్యాసాన్ని ఆ బరువు నుంచి విడిపించవచ్చు.

జవాబు: పర్లాకిమిడి నుంచి విశ్రాంత అధ్యాపకుడు

అమ్మా, నీ ప్రశ్న చదివి సంతోషించాను. రెండోది వదిలేస్తే అన్యాయమవుతుందని నీకే తోచింది గనుక, నీకు సలహా చెప్పడం తేలిక.

మన ప్రాంతపు పిల్లలు ఇలాంటి వ్యాసాలు రాసి నాకు చూపిస్తూ ఉంటారు. వాటిలో చాలావరకు ఒకేచోట ఆగిపోతాయి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడడంతో మొదలుపెట్టి, పర్లాకిమిడి ఎటు చేరాలన్న వివాదం మీదుగా, ఇక్కడ పాఠాలు చెబుతూ సవర భాష నేర్చుకున్న గిడుగు రామమూర్తి పంతులుగారి దాకా వచ్చేసరికి నాలుగు వందల పదాలు ఖర్చయిపోతాయి, రాసిన పిల్ల ఎక్కడా కనబడదు. ఆ చరిత్ర మనకు ప్రాణం. నేను దాన్ని తక్కువ చేయడం లేదు. కానీ ఒడిశా ఎక్కడుందో తెలియని పాఠకుడికి సరిహద్దు కథ చెబుతూ కూర్చుంటే, నీ గురించి చెప్పుకోవడానికి చోటు మిగలదు.

అందుచేత నేను రాయమనే చెబుతాను. అయితే "నేను ఎవరిని" అన్నచోట మొదలుపెట్టకుండా, "నేను ఏం చేస్తుంటాను" అన్నచోట మొదలుపెట్టు. మగ్గం ఉన్న ఇంట్లో పెరిగిన పిల్లకు ఏదో ఒక పని అప్పగించే ఉంటారు. అదేమిటో, అందులో నువ్వు గమనించినదేమిటో మాకు చెప్పు.

జవాబు: సిరొంచ నుంచి ఒక ఉపాధ్యాయిని

మాస్టారు చెప్పినదాంతో చాలావరకు ఏకీభవిస్తూనే, ఒక్కచోట మాత్రం విభేదిస్తాను. రాయాలా వద్దా అన్న నిర్ణయం ఈ అమ్మాయిదే. రాయకపోతే ఏదో దాచిపెట్టినట్టు కాదన్న సంగతి కూడా ఆమెకు ఎవరో ఒకరు చెప్పాలి.

మా గడ్చిరోలి జిల్లా వైపు ఇంట్లో తెలుగు, బళ్లో మరాఠీ, చుట్టుపక్కల ఊళ్లలో గోండీ. మా బళ్లో చదివిన ఒక అబ్బాయి తన వ్యాసంలో భాష మాటే ఎత్తలేదు. వానాకాలంలో ప్రాణహిత నీరు రేవు మెట్ల మీద ఎంతవరకు వచ్చిందో తాను రోజూ రాసుకున్న పుస్తకం గురించి మాత్రమే రాశాడు. ఆ పిల్లవాడు ఎక్కడివాడో, ఎలాంటివాడో చదివినవారికి స్పష్టంగా తెలిసింది.

కులం గురించి కాస్త వివరంగా చెప్పాలి. మన దేశంలో ప్రవేశాలకు కులం ధ్రువపత్రానికి సంబంధించిన విషయం. రిజర్వేషన్ కాగితం అడిగినచోట ఆ కాగితం పెట్టడం నీ హక్కు, అందులో సంకోచించవలసినదేమీ లేదు. వ్యాసంలో మాత్రం నువ్వు ఎవరికీ రుజువు చూపించనక్కరలేదు. అవమానం గురించి రాయాలనిపిస్తే రాయి, జాలి కోసమనుకుంటారేమోనన్న భయంతో మానుకోకు. అయితే ఆ అవమానం మీ అమ్మగారిదో, నాన్నగారిదో అయితే ముందు వాళ్లను అడుగు. చిన్న ఊళ్లలో చిత్తుప్రతి సరిదిద్దేవారి చేతుల మీదుగా మాట బయటికి పోవడం ఎంతసేపు?

ఇంకొక మాట. బరంపురం అనగానే పట్టు గురించీ, రెండేళ్లకొకసారి జరిగే ఠాకురాణి యాత్ర వేషాల గురించీ రాయమని సలహా ఇచ్చేవారు చాలామంది ఉంటారు. అవి నీవి అయితేనే రాయి. ఊరికి వచ్చిన అతిథికి చూపించినట్టు రాయవద్దు.

ప్రశ్న అడిగిన విద్యార్థిని

అందరికీ కృతజ్ఞతలు. మాస్టారూ, మీరు అడిగిన పని చెబుతాను. కండెలు చుట్టడంతో పాటు ఇంట్లో లెక్క పుస్తకం నాదే. సహకార సంఘం వాళ్లు పట్టునూలు తూకం వేసి ఇస్తారు. చీర నేసి ఇచ్చాక మళ్లీ తూస్తారు. బరువు తగ్గితే ఆ తరుగు నాన్న కూలిలో కోసుకుంటారు. వాళ్ల పుస్తకం ఒడియాలో ఉంటుంది. మా పుస్తకం తాతగారి కాలం నుంచి తెలుగులోనే నడుస్తోంది. ఒకరోజు ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే, వానాకాలంలో నూలు తీసుకుని చలికాలంలో ఇచ్చిన చీరలకే తరుగు ఎక్కువగా పడుతోందని తెలిసింది. పట్టు గాలిలోని తేమను పీల్చుకుంటుందనీ, పొడి బరువు మీద 11 శాతం తేమను వ్యాపారంలో మామూలుగా లెక్కలోకి తీసుకుంటారనీ ఆ తర్వాత చదివాను. నూలు తూచినరోజు గాలి తేమగా ఉండి, చీర తూచినరోజు పొడిగా ఉంటే, నాన్న ఒక్క పోగు కూడా పోగొట్టకపోయినా బరువు తగ్గుతుంది. ఒడియాలో ఒక కాగితం మీద ఇది రాసి సంఘం గుమాస్తాగారికి ఇచ్చాను. ఆయన చదివారు గానీ ఇంకా ఏమీ తేల్చలేదు.

నేను దీని గురించే రాస్తాను. బళ్లో పిలిచిన పేరుకు ఒక్క వాక్యం చాలు, దాని పక్కనే టీచరమ్మ గురించి రాస్తాను, ఎందుకంటే ఆ లెక్క చేయడం నాకు ఆవిడ దగ్గరే వచ్చింది. కులం గురించి ఈ వ్యాసంలో రాయను. నాన్నగారిని అడిగాను, కూలి సంగతి రాయడానికి ఒప్పుకున్నారు.

జవాబు: పర్లాకిమిడి నుంచి విశ్రాంత అధ్యాపకుడు

చాలా బాగుందమ్మా. గుమాస్తాగారు ఇంకా తేల్చలేదన్న మాటను అలాగే ఉంచు, గెలిచినట్టు మార్చకు. సిఫారసు లేఖలు సాధారణంగా పదకొండు, పన్నెండు తరగతుల్లో పాఠం చెప్పినవారి నుంచే కోరుతారు. అయితే కొన్ని కాలేజీలు వారు కాక వేరొకరి లేఖను కూడా అనుమతిస్తాయి. నువ్వు పంపే కాలేజీల్లో ఏవి ఒప్పుకుంటాయో చూసుకుని, ఆ టీచరమ్మను ఇప్పుడే వెళ్లి అడుగు. చాలా కాలేజీలకు గడువు జనవరి మొదట్లోనే ముగుస్తుంది. ఆవిడ ఇంగ్లీషులో రాయడానికి సంకోచిస్తే ఒడియాలోనే రాయమను. తర్జుమా నేను చేసి పెడతాను, ఎవరు చేశారో లేఖ కిందనే స్పష్టంగా రాద్దాం.