ఫైటింగ్ గేముల్లో దేశానికో ఆట తీరు అంటారు, ఎంతవరకు నిజం?

కామెంటరీలో ఎప్పుడూ ఇదే వినిపిస్తుంది: కొరియా వాళ్లు ఓపికగా ఆగి పనిష్ చేస్తారు (ఎదుటివాడు తప్పు చేయగానే తిరిగి కొడతారు), జపాన్ వాళ్లు లెక్క ప్రకారం ఆడతారు, అమెరికా వాళ్లు తెగించి మీద పడతారు, పాకిస్తాన్ వాళ్లు ఎవరికీ అంతుబట్టరు. టెక్కెన్ 8, స్ట్రీట్ ఫైటర్ 6 సీరియస్‌గా ఆడేవాళ్లు చెప్పండి, ఇందులో నిజమెంత? వేరే దేశం ప్లేయర్ టోర్నీ బ్రాకెట్‌లో తగిలితే ముందు దేని మీద ప్రాక్టీస్ చేయాలి?

రింగవుట్:
సగం నిజం బ్రో. తీరు జెండాను బట్టి రాదు, రోజూ ఎవరితో ఎలా ఆడుతున్నారో దాన్నిబట్టి వస్తుంది. జపాన్ ఆర్కేడ్లలో రెండు క్యాబినెట్లు వీపుకు వీపు ఆనించి ఉంటాయి, ఎదుటివాడి చేతులు కనిపించవు. గెలిచినవాడు కూర్చునే ఉంటాడు, ఓడినవాడు మళ్లీ కాయిన్ వేయాలి. అలాంటిచోట గుడ్డిగా రిస్క్ తీసుకుంటే జేబు ఖాళీ అవుతుంది.

ఆన్‌లైన్‌లో దూరపు పింగ్ (నెట్ ఆలస్యం) మీద పెరిగినవాడి సంగతి వేరు. సెకనుకు 60 ఫ్రేములు, అంటే ఫ్రేముకు 16.7 మిల్లీసెకన్లు. స్ట్రీట్ ఫైటర్ 6లో డ్రైవ్ ఇంపాక్ట్ అనే పెద్ద దెబ్బ స్టార్టప్ (నొక్కాక తగలడానికి పట్టే సమయం) 26 ఫ్రేములు, అంటే దాదాపు 433 మిల్లీసెకన్లు. దగ్గరి కనెక్షన్‌లో చూసి తిప్పికొట్టొచ్చు. పింగ్ పెరిగితే రోల్‌బ్యాక్ (ఆలస్యంగా వచ్చిన ఇన్‌పుట్‌కి ఆటను వెనక్కి తిప్పి సరిచేసే పద్ధతి) మొదటి కొన్ని ఫ్రేములను మింగేస్తుంది. చూసి కొట్టడం కుదరదు కాబట్టి ఊహించి కొట్టడం అలవాటవుతుంది. ఆ అలవాటుతోనే ఆఫ్‌లైన్ టోర్నీకి వస్తే, జనం దాన్ని "ఆ దేశం తీరు" అనేస్తారు.

గోడదెబ్బ:
టెక్కెన్ వరకు చెప్తాను. కొరియాకి ఆ పేరు రావడానికి పెద్ద కారణం కదలిక. కొరియన్ బ్యాక్‌డాష్ (వరుసగా వేగంగా వెనక్కి జరగడం) ఇన్‌పుట్ ఇది: వెనక్కి, వదిలి మళ్లీ వెనక్కి, వెంటనే కింద-వెనక మూల, అక్కణ్నుంచి వెనక్కి, వదిలి మళ్లీ వెనక్కి, మళ్లీ మూల. మూల నొక్కగానే మొదటి డాష్ రద్దవుతుంది కాబట్టి తర్వాతది త్వరగా మొదలవుతుంది. చాలామంది చేసే తప్పు, మూల దగ్గర ఒక క్షణం ఎక్కువ ఆగడం. అప్పుడు పాత్ర వంగి ఉండిపోతుంది, మిడ్ (నడుము ఎత్తు దెబ్బ) పడితే బ్లాక్ ఉండదు.

ఇలా ఆడేవాడి వెంటపడి జాబ్‌లు (చిన్న వేగమైన గుద్దులు), హై స్ట్రింగులు (తల ఎత్తులో వరుస దెబ్బలు) విసరకండి. అవి గాల్లోకి పోవాలనే వాడు వెనక్కి వెళ్తున్నాడు, మిస్ అయిన మరుక్షణం లాంచర్ (గాల్లోకి లేపే దెబ్బ) పడుతుంది. ఏమీ నొక్కకుండా దూరం తగ్గించుకుంటూ గోడ వైపు తోయండి. వీపు గోడకు ఆనాక బ్యాక్‌డాష్‌కి చోటుండదు. పొడవైన మిడ్, త్రో (పట్టుకుని విసరడం) అప్పుడు తీయండి.

ఇక పాకిస్తాన్. 2019లో అక్కడి టెక్కెన్ ఆటగాడు అర్స్‌లాన్ ఆష్, ఎవో అనే పెద్ద ఫైటింగ్ గేమ్ టోర్నీల్లో, ఫిబ్రవరిలో ఎవో జపాన్, ఆగస్టులో లాస్ వేగాస్ ఎవో రెండూ గెలిచాడు. రెండోదాని ఫైనల్లో ఓడింది "నీ" (Knee) అనే కొరియా దిగ్గజం. అప్పటికి పాకిస్తాన్ లోకల్ మ్యాచ్‌ల వీడియోలు బయటివాళ్లకు పెద్దగా దొరికేవి కావు, అందుకే అంతుబట్టలేదు. కానీ అదే మనిషి 2023, 2024 ఎవోలు కూడా గెలిచాడు. అప్పటికి అతని రిప్లేలు అందరూ అరగదీసి ఉన్నారు. తెలియనితనం ఎప్పుడో పోయింది, దూరం పాటించడం, ఛాన్స్ దొరికితే వదలకుండా పనిష్ చేయడం మిగిలాయి.

మీటీ:
"అమెరికా అంటే దూకుడు" అనేవాళ్లు 2004 ఎవోలో డైగో, జస్టిన్ వాంగ్ మ్యాచ్ మళ్లీ చూడాలి. లైఫ్ లీడ్ పట్టుకుని దూరంగా కాచుకున్నది అమెరికా ఆటగాడు వాంగ్. జపాన్ ఆటగాడు డైగో, వాంగ్ పాత్ర చున్-లీ వేసిన సూపర్ (అతిపెద్ద దాడి) మొత్తం ప్యారీ చేసి (ప్రతి దెబ్బా సరైన క్షణంలో అడ్డుకుని) తిరగబడ్డాడు. దేశం పేరు మీద అంచనా వేస్తే అక్కడే బోల్తా పడతారు.

జపాన్‌లో నిజంగా తేడా ఎక్కడంటే మ్యాచప్ (ఏ పాత్ర మీద ఏ పాత్ర) ప్రిపరేషన్‌లో. స్ట్రీట్ ఫైటర్ లీగ్‌లో అవే (away) జట్టు తన వరుస ముందే ప్రకటించాలి, హోమ్ జట్టు దాన్ని చూసి మనుషుల్ని దించుతుంది. ఒక్క పాత్ర కోసం జట్టంతా కూర్చుని పరిశోధన చేయడానికి అదే కారణం. మీరు చేయగలిగింది: ప్రత్యర్థి రిప్లేలు రెండు మూడు తీసి మూడే మూడు రాసుకోండి. కిందపడి లేచేటప్పుడు ఏం నొక్కుతున్నాడు, కార్నర్‌లో త్రో పడ్డాక రెండోసారి టెక్ చేస్తున్నాడా (త్రో నుంచి విడిపించుకుంటున్నాడా), డ్రైవ్ గేజ్ (ప్రత్యేక కదలికలకు ఖర్చయ్యే 6 బార్ల మీటర్) ఎన్ని బార్ల దగ్గర ఖర్చు పెట్టడం ఆపుతున్నాడు. ఒక దెబ్బను మధ్యలో క్యాన్సిల్ చేసి డ్రైవ్ రష్ (ముందుకు దూసుకెళ్లడం) వేస్తే 3 బార్లు పోతాయి. రెండుసార్లు వాడాడంటే నిండు గేజ్ కూడా ఖాళీ, బర్నౌట్‌లో (గేజ్ అయిపోయి బలహీనపడిన స్థితిలో) ఉన్నట్టే.

ప్రశ్న అడిగినవాడు:
థాంక్స్. ప్రత్యర్థి ఎవరో పది నిమిషాల ముందే తెలిస్తే? రిప్లేలు చూసే టైమ్ ఉండదు కదా.

మీటీ:
అప్పుడు మొదటి గేమ్‌నే రిప్లే అనుకోండి. వాడు మీ దెబ్బ బ్లాక్ చేసినా మీకు ప్లస్ వచ్చిన (వాడికంటే ముందు కదలగలిగిన) ప్రతిసారీ కొట్టకుండా, ఒకసారి ఊరికే ఆగి చూడండి. జాబ్ నొక్కేవాడైతే తర్వాతిసారి అదే చోట కౌంటర్ హిట్ (వాడు దాడి మొదలుపెడుతుండగా తగిలే దెబ్బ) పడుతుంది. ఆగి బ్లాక్ చేసేవాడైతే త్రోతో మొదలుపెట్టండి. రెండోసారికి టెక్ చేస్తే షిమ్మీ: దగ్గరికెళ్లి ఒక్క అడుగు వెనక్కి నడవండి, వాడి త్రో గాల్లో పోతుంది, అప్పుడు హెవీ బటన్.

రింగవుట్:
షిమ్మీలో వెనక్కి డాష్ చేయకండి, నడవండి. డాష్ చేస్తే వాడి త్రో మిస్సైనా మీరు అందనంత దూరంలో ఉంటారు.