ఫైళ్ల విషయంలో ‘సమకాలీకరణ’ తగిన మాటేనా?

ప్రశ్న: ఫోన్‌లోని ఫోల్డర్‌ను వైఫై మీదుగా కంప్యూటర్‌తో సింక్ చేసే సింక్‌థింగ్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ గురించి మా గ్రంథాలయ సభ్యుల కోసం తెలుగులో చిన్న కరదీపిక రాస్తున్నాను. ‘సమకాలీకరణ’ అనాలా, ‘అనుసంధానం’ అనాలా? పెద్దలు దయచేసి చెప్పగలరు.

జవాబు: ‘అనుసంధానం’ మాత్రం వద్దండి. ఆధార్‌ను బ్యాంకు ఖాతాకు ముడిపెట్టడం వంటి పనులకు ఆ మాట స్థిరపడింది. ఫోనూ కంప్యూటరూ ఒకదాన్నొకటి గుర్తించేదాకా అది సరిపోతుంది గానీ, ఆ తరువాత జరిగే అసలు పనిని చెప్పదు.

‘సమకాలీకరణ’లో వ్యాకరణ దోషమేమీ లేదు. స్పష్టీకరణ, ఆధునికీకరణ వంటి మాటల్లో ఉన్న ‘చ్వి’ అనే సంస్కృత ప్రత్యయమే ఇందులోనూ ఉంది; అంతకుముందు అలా లేనిదాన్ని అలా చేయడమని దాని అర్థం. సినిమాలో పెదవుల కదలికకూ మాటకూ పొంతన కుదిర్చే చోట ఈ మాట చక్కగా అమరుతుంది. ఫైళ్ల దగ్గర కుదరవలసింది కాలం కాదు, వాటిలోని విషయం. సింక్‌థింగ్ ప్రతి ఫైలునూ 128 కిలోబైట్లు మొదలుకొని 16 మెగాబైట్ల దాకా ఉండే ముక్కలుగా విడదీసి, ఒక్కొక్క ముక్కకూ అందులోని విషయాన్ని బట్టి ఎస్‌హెచ్‌ఏ-256 అనే గణన పద్ధతిలో ఒక గుర్తు లెక్కగట్టి, రెండు పరికరాల్లోని గుర్తులను పోల్చి, తేడా ఉన్న ముక్కలను మాత్రమే తెచ్చుకుంటుంది. ఫోన్ రాత్రంతా ఆగిపోయి ఉండి తెల్లవారాక వైఫైలోకి వచ్చినా ఈ పని ఇలాగే సాగుతుంది. అంటే ఇది సమం చేయడం.

ఆ అర్థానికి అచ్చంగా సరిపోయే మాట ‘సమీకరణ’. కానీ నిధుల సమీకరణ, అమరావతి భూసమీకరణ అని వినీ వినీ మనకది పోగుచేయడంగానే తోస్తుంది. గణితంలో సమీకరణం ఉండనే ఉంది. ఇంత మంచి మాట ఈ పనికి అందకుండా పోయినందుకు నాకు నిజంగా బాధగా ఉంది.

కనుక పేరుగా ‘సింక్’నే ఉంచి, అర్థాన్ని వాక్యంలో విప్పి చెప్పండి: ‘రెండుచోట్లా ఫైళ్లను ఒకేలా ఉంచడం’. దాని పక్కనే ‘ఇక్కడ తొలగించినది అక్కడా తొలగిపోతుంది’ అని తప్పక రాయండి. చాలామంది సింక్‌ను బ్యాకప్ అనుకుని, కంప్యూటర్‌లో ఉన్నాయి కదా అని ఫోన్‌లోని ఫొటోలు తీసేస్తారు. ఫోన్ వైపు ఫోల్డర్‌ను ‘పంపడం మాత్రమే’ అని అమర్చినా, అక్కడ జరిగిన తొలగింపు కూడా పంపవలసిన మార్పే అవుతుంది. కంప్యూటర్ వైపు పాత ప్రతులు దాచే ఏర్పాటును ముందే ఆన్ చేసుకోవాలని కూడా చెప్పండి.

ప్రశ్న: ధన్యవాదాలండి. ఒకే ఫైలును రెండుచోట్లా మార్చినప్పుడు పుట్టే ‘కాన్‌ఫ్లిక్ట్’ను ఏమనాలి? ‘ఘర్షణ’ అని రాశాను.

జవాబు: ఘర్షణ రాపిడికీ కొట్లాటకూ చెల్లుతుంది. ఇక్కడ కొట్లాట లేదు. రెండు మార్పులూ ఒకే ఫైలులో ఇమడలేదు, అంతే. సింక్‌థింగ్ సాధారణంగా ముందు మార్చిన ప్రతికి సింక్-కాన్‌ఫ్లిక్ట్ అనే మాటా, తేదీ, సమయమూ కలిపి కొత్త పేరు పెట్టి, దాన్ని అదే ఫోల్డర్‌లో పక్కన ఉంచుతుంది. దానికి ‘పొసగని ప్రతి’ అనండి. అలాంటిది కనబడితే రెండింటినీ తెరిచి చూసి, కావలసినది ఉంచుకున్నాకే రెండోది తొలగించమని రాయండి.