టాకీలే దీవికి వెళ్లేవారి సంఖ్యకు పరిమితి పెడితే సరిపోతుందా?

కొండగాలి:
పెరూ, బొలీవియాల నడుమ 3,812 మీటర్ల ఎత్తున ఉన్న తితికాకా సరస్సు గురించి ఈ ప్రశ్న. పెరూ వైపున్న పూనో పట్టణం నుంచి ఊరోస్, టాకీలే దీవులకు పడవల నిండా పర్యాటకులు వెళుతున్నారు. ఊరోస్ ప్రజలు తొతోరా అనే జమ్ముతో తేలే దీవులు కట్టుకుని, అడుగు కుళ్లేకొద్దీ పైన కొత్త పొర పరుస్తుంటారు. ఇప్పుడు అది వచ్చినవారికి చేసి చూపించే ప్రదర్శన అయిపోయింది. రోజుకు ఇంతమందే అని కట్టడి చేయకపోతే అక్కడ సంస్కృతి పేరుకే మిగులుతుంది.

లెక్కలరాయుడు:
కట్టడి చేస్తే టికెట్ ధర పెరుగుతుంది. పెరిగిన సొమ్ము పూనోలోని ఏజెన్సీకి పోతుందా, దీవివాసులకు చేరుతుందా? అది తేలకుండా తలలు లెక్కపెట్టి ఏం లాభం?

జమ్ముపడవ:
రాయుడుగారి ప్రశ్నకు టాకీలే చరిత్రలోనే జవాబుంది. కెచువా మాట్లాడే ఆ దీవికి 1970లలో పర్యాటకులు రావడం మొదలైనప్పుడు దీవివాసులు తామే పడవలు సమకూర్చుకున్నారు. అతిథులను వంతులవారీగా ఇళ్లలో దించుకున్నారు. నేతవస్తువులను సహకార దుకాణంలో, బేరం లేని ధరకు అమ్మారు. ఎవరు రావాలి, ఎక్కడ ఉండాలి అన్నది చాలావరకు వారి చేతుల్లోనే ఉండేది. 1990లలో పెరూ అధ్యక్షుడు ఫుజిమోరి ప్రభుత్వం గుత్తాధిపత్యం కూడదంటూ పోటీకి తలుపులు తెరిచింది. పడవ రవాణాపై దీవివాసులకున్న ప్రత్యేక హక్కు పోయింది. పెద్ద ఏజెన్సీల గుత్తాధిపత్యాన్ని వదిలేసి, ఒక చిన్న దీవి ఉమ్మడి హక్కును గుత్తాధిపత్యం అనడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఆ తర్వాత ఉదయం వచ్చి, భోంచేసి, ఫొటోలు తీసుకుని మధ్యాహ్నానికే వెళ్లిపోయే గుంపులు పెరిగాయి. సంఖ్య కన్నా ముందు జారిపోయింది అజమాయిషీ.

కొండగాలి:
అజమాయిషీ వారిదే అయినా, కొనేవారి అభిరుచికి తగ్గట్టు నేస్తే అది సంప్రదాయం ఎలా అవుతుంది?

జమ్ముపడవ:
టాకీలేలో మగవారు అల్లే చూయో టోపీ రంగును బట్టి పెళ్లయిందో లేదో తెలుస్తుంది. అది పర్యాటకుల కోసం పుట్టిన ఆచారం కాదు, వారు రోజూ పెట్టుకునే టోపీ. అలాగని వారి నేత ఎన్నడూ మారలేదనీ కాదు. అక్కడి కాలిమగ్గం స్పానిష్ వలసపాలనతో వచ్చింది. ఇప్పటి కాలపు బొమ్మలూ నేతలోకి చేరాయి, పాత పద్ధతి మాత్రం నిలిచింది. ఆ నేతకళను యునెస్కో 2005లో గుర్తించి, 2008లో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. మార్పు వద్దని చెప్పే హక్కు మనకెక్కడిది? ఏది మార్చుకోవాలో వారే తేల్చుకుంటారు.

నీలిఅల:
మీరిద్దరూ నీళ్లను మరిచిపోయారు. పూనో మురుగునీరు చేరేది పట్టణం ముందున్న సరస్సు ఖాతంలోకే. ఊరోస్‌వారి జమ్ము పెరిగేది కూడా అక్కడే. దీవి దగ్గర పర్యాటకులను ఆపినంత మాత్రాన పట్టణపు కాలువ ఆగదు.

కొండగాలి:
మురుగు మాట నిజమే. కానీ జమ్ముపడవగారూ, టాకీలేకు పంటపొలాలున్నాయి, పర్యాటకులు తగ్గినా తట్టుకోగలదు. సాగునేలే లేని ఊరోస్‌వారు మరో పడవను కాదనగలరా? పరిమితి బయటినుంచే రావాలని నేను అనేది అందుకే.

జమ్ముపడవ:
రానివ్వండి. కానీ ఆ పరిమితిని రాసే బల్ల దగ్గర ఏజెన్సీలకన్నా ముందు ఊరోస్‌వారు కూర్చోవాలి. వచ్చే ప్రతి టికెట్‌లో వాటా వారికి దక్కాలి. ఆ రెండూ లేని పరిమితిని నేను సమర్థించను.