పేరున్న యూనివర్సిటీలో చదువు పేరుకు తగ్గట్టే ఉంటుందా?

కొత్తపేజీ:
మా చెల్లికి ప్రపంచ ర్యాంకుల్లో బాగా ముందున్న ఒక యూనివర్సిటీలో డిగ్రీ సీటు వచ్చింది. అంత పేరులేని ఇంకో చోట ఫీజులో సగం తగ్గిస్తామన్నారు. అందరూ పేరున్నదాంట్లోనే చేరమంటున్నారు. లోపల చదువు కూడా అంత గొప్పగా ఉంటుందా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

నల్లబల్ల:
అలాంటి చోటే చదివాను. మొదటి ఏడాది క్లాసులు వందల మంది కూర్చునే హాల్లో. పేరుమోసిన ప్రొఫెసర్ వచ్చి స్లైడ్లు చూపించి వెళ్లిపోయేవారు. డౌట్లు తీర్చేది, పేపర్లు దిద్దేది పీహెచ్‌డీ విద్యార్థులు. వాళ్ల థీసిస్ టెన్షన్ వాళ్లది. ఒకసారి నా వ్యాసం మీద "ఇంకా లోతుగా రాయాలి" అని ఒక్క ముక్క రాసి ఇచ్చారు. ఎక్కడ తగ్గిందో అడుగుదామని వెళ్తే, దిద్దినాయన అప్పటికే వేరే ఊరు వెళ్లిపోయారు. అంత ఫీజు కట్టి, నా తప్పేంటో తెలియకుండానే ఆ కోర్సు దాటేశాను. ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అసలు ర్యాంకులు వేటిని లెక్కపెడతాయో చూడండి. 2003లో మొదలైన షాంఘై ర్యాంకింగ్ నోబెల్ బహుమతులు, గణితంలో ఇచ్చే ఫీల్డ్స్ మెడల్స్, నేచర్, సైన్స్ పత్రికల్లో వచ్చిన పరిశోధనలు చూస్తుంది. క్లాసులో పాఠం ఎలా చెబుతున్నారన్నది అందులో లేనే లేదు. క్లాసు సైజు చూసే జాబితాలకేమో ఆ అంకెలు యూనివర్సిటీలే పంపుతాయి. అమెరికాలోని కొలంబియా యూనివర్సిటీ పంపిన అంకెలు సరికావని 2022లో అక్కడి గణిత ప్రొఫెసర్ మైకేల్ థాడియస్సే బయటపెట్టారు. యూఎస్ న్యూస్ జాబితాలో ఆ యూనివర్సిటీ 2 నుంచి 18కి పడిపోయింది.

బాటసారి:
పాఠం ఒక్కటే చూస్తే ఎలాగండీ? పక్కన కూర్చునేవాళ్లు, పరిచయాలు, రెజ్యూమె మీద ఆ పేరు, ఇవన్నీ చదువులో భాగం కావా? 2023లో చెట్టి, డెమింగ్, ఫ్రీడ్‌మన్ అనే ఆర్థికవేత్తలు అమెరికాలోని ఐవీ లీగ్ (బాగా పేరున్న ఎనిమిది యూనివర్సిటీలు), దాని సరసన నిలిచే కొన్ని యూనివర్సిటీలను పరిశీలించారు. సగటు సంపాదనలో పెద్ద తేడా లేదు గానీ, అందరికంటే ఎక్కువ సంపాదించే 1 శాతం మందిలో చేరే అవకాశం బాగా పెరిగిందట.

నల్లబల్ల:
తలుపులు తెరుచుకుంటాయి, కాదనను. అది పాఠానికి రుజువు కాదంటున్నాను. పేరున్నవన్నీ ఒకే తీరు అనీ అనను. ఆక్స్‌ఫర్డ్‌లో ఇద్దరు ముగ్గురు విద్యార్థులను కూర్చోబెట్టుకుని, వాళ్లు రాసిన వ్యాసం మీదే చర్చించే ట్యుటోరియల్స్ ఉన్నాయి. నాకు కావలసింది అదే.

కొత్తపేజీ:
మా ఇంట్లో డిగ్రీ దాకా వెళ్తున్నది చెల్లే మొదలు. దాని వల్ల ఏమైనా తేడా ఉంటుందా?

నల్లబల్ల:
ఉంటుంది. డేల్, క్రూగర్ అనే పరిశోధకులు అమెరికాలో చేసిన పరిశోధన చూడండి. పేరున్న చోట సీటు వచ్చే సత్తా ఉండి వేరే చోట చేరినవాళ్లు కూడా సగటున దాదాపు అంతే సంపాదించారు. కానీ తక్కువ ఆదాయం, పెద్దగా చదువుకోని తల్లిదండ్రులు ఉన్న పిల్లలకు మాత్రం పేరున్న చోటు నిజంగా కలిసొచ్చింది. కాబట్టి వద్దని చెప్పను. చేరేముందు రెండు చోట్లా ఇప్పుడు రెండో ఏడాదిలో ఉన్నవాళ్లను పట్టుకుని అడగండి: మొదటి ఏడాది క్లాసులో ఎంతమంది, పేపరు ఎవరు దిద్దుతారు, దిద్దాక వెళ్లి అడిగితే కూర్చోబెట్టి చెబుతారా అని.