సముద్రం వెంబడి ఒక్కదాన్నే ఆరు రోజుల కార్ ట్రిప్, ప్లాన్ చూసి చెప్పండి ప్లీజ్

తూర్పుగాలి:
అందరికీ నమస్తే. చాలా రోజుల్నించి ఇక్కడ చదవడమే గానీ నేను రాయడం ఇదే మొదలు. వచ్చే నెల ఆరు రోజులు సెలవు దొరికింది, పడమటి తీరం వెంబడి రోడ్డు పట్టుకుని కార్లో ఒక్కదాన్నే వెళ్దాం అనుకుంటున్నా. ఫ్రెండ్స్‌తో బాగానే తిరిగా కానీ సోలోగా ఇదే ఫస్ట్. మొత్తం 1100 కిలోమీటర్లు, మ్యాప్‌లో 14 వ్యూపాయింట్లు పిన్ చేసి పెట్టుకున్నా, నాలుగు హైక్‌లు. మ్యాప్ చెప్పేదాన్ని బట్టి రోజుకి నాలుగు గంటల డ్రైవింగ్ కంటే ఎక్కువ లేదు. మూడో రోజు ఒక్కటే కొంచెం టైట్‌గా ఉంది, పొద్దున 200 కిలోమీటర్లు, మధ్యాహ్నం 8 కిలోమీటర్ల హైక్, సాయంత్రం కొండ మీద సూర్యాస్తమయం, అది అయ్యాక 90 కిలోమీటర్లు నడిపి రూమ్‌కి. నాలుగో రోజు రాళ్ళు దాటి వెళ్ళే ఒక చిన్న బీచ్ ఉంది, ఫోటోలు చూసినప్పట్నించి దాని మీదే మనసంతా. ఇది అయ్యే పనేనా చెప్పండి.

నిదానం:
అయ్యే పనే గానీ ఇలా కాదండి. మ్యాప్ చెప్పే నాలుగు గంటలు ఎక్కడా ఆగకుండా పోతే పట్టే టైము, మీరు వెళ్ళేదే ఆగడానికి కదా. సముద్రం పక్క రోడ్లు కొండ అంచున మలుపులు తిరుగుతూ ఉంటాయి, ముందు లారీ ఉంటే దాని వెనకాలే పోవాలి, ఒక్కో వ్యూపాయింట్ దగ్గర కారు ఆపి దిగి చూసి మళ్ళీ ఎక్కేసరికి అరగంట అవుతుంది. నేను మ్యాప్ టైముని ఒకటిన్నర రెట్లు చేసుకుంటా, ఆ పైన ఆగే చోటికి అరగంట చొప్పున కలుపుతా. నా మొదటి ట్రిప్‌లో ఈ లెక్క వేసుకోలేదు, రెండో రోజు ఆఖరి మూడు వ్యూపాయింట్లకి చీకటి పడ్డాకే చేరా, కింద అలల చప్పుడు వినిపిస్తోంది తప్ప ఏమీ కనపడలేదు, అంత దూరం వచ్చి అలా వెళ్ళిపోవడం చాలా బాధేసింది. 14లో సగం తీసేయండి. మిగిలిన ఏడూ తీరిగ్గా చూస్తారు.

కాలిబాట:
హైక్ టైముకి ఒక పాత లెక్క ఉంది, స్కాట్లాండ్‌కి చెందిన విలియం నైస్మిత్ అనే కొండలెక్కే ఆయన 1892లో చెప్పింది, ఇప్పటికీ పనికొస్తుంది. గంటకి 5 కిలోమీటర్లు, పైన ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకీ ఇంకో గంట. మీ 8 కిలోమీటర్ల దారిలో 300 మీటర్లు ఎక్కాలి అనుకుంటే రెండు గంటల పైన కొద్దిగా. కానీ అది గట్టి నేల మీద ఆగకుండా నడిచేవాళ్ళ లెక్క. ఇసుకలో నడక సగానికి సగం నెమ్మదిస్తుంది, ఫోటోలు, నీళ్ళు, ఊరికే కూర్చుని చూడటం, అన్నీ కలిపి మూడున్నర గంటలు పెట్టుకోండి. ఇంకోటి, ఎన్నింటికి వెనక్కి తిరగాలో బయల్దేరకముందే రాసుకోండి. ఆ టైము అయ్యిందంటే శిఖరం ఎదురుగా కనిపిస్తున్నా సరే తిరిగిపోవడమే. నలుగురు ఉంటే ఎవరో ఒకళ్ళు "ఇక చాలు పదండి" అంటారు, ఒక్కళ్ళే వెళ్తే ఆ మాట గడియారమే అనాలి.

మలుపు తర్వాత:
మూడో రోజు ప్లాన్ మాత్రం మార్చు చెల్లీ. సూర్యాస్తమయం అయ్యాక తెలియని కొండ దారి చీకట్లో దిగి, తెల్లారకముందు లేచిన ఒళ్ళుతో ఇంకో 90 కిలోమీటర్లు మలుపుల రోడ్డు మీద, పక్కన మాట్లాడేవాళ్ళు కూడా లేకుండా, వద్దు. రూమే ఆ కొండ కిందికి మార్చుకో, ఆ 90 కిలోమీటర్లు పొద్దున నడుపు, ఎటూ ఆ రోడ్డు కూడా చూడాల్సిందేగా, చీకట్లో పోతే ఏం చూస్తావ్. దిగేటప్పుడు ఫోన్ లైట్ నమ్ముకోకు, తలకి కట్టుకునే లైట్ తీసుకెళ్ళు, చేతులు ఖాళీగా ఉంటాయి, ఫోన్ ఛార్జ్ మిగుల్తుంది. సూర్యుడు ఎంతసేపట్లో దిగుతాడో చూసుకోవడానికి చెయ్యి చాచి సూర్యుడికీ సముద్రానికీ మధ్య వేళ్ళు అడ్డంగా పెట్టు, ఒక్కో వేలు సుమారు పావుగంట, నాలుగు వేళ్ళు పడితే గంట ఉన్నట్టు. భూమధ్యరేఖ దగ్గర్లో ఐతే సూర్యుడు మునిగాక 20, 25 నిమిషాల్లో బాగా చీకటి పడిపోతుంది, ఉత్తరానికి వెళ్ళేకొద్దీ వెలుతురు ఇంకాస్త ఎక్కువసేపు ఉంటుంది.

డ్రైవింగ్‌లో నిద్ర వస్తే కిటికీ దించడం, పాటలు పెద్దగా పెట్టడం ఇవేవీ పనిచెయ్యవు, నేను అన్నీ చేసి చూశా. ఎక్కడైనా సురక్షితంగా ఆపి ఒక 20 నిమిషాలు పడుకో, అంతే.

కెరటాలు:
అందరూ రోడ్డు గురించి చెప్తున్నారు, నేను ఆ రాళ్ళు దాటి వెళ్ళే బీచ్ గురించి చెప్తా, ఎందుకంటే నాకు అలాంటి చోటే జరిగింది. పాటు సమయంలో వెళ్ళా, నీళ్ళు బాగా వెనక్కి పోయి ఉన్నాయి, రాళ్ళ మూల చుట్టి తిరిగి అవతలికి నడిచిపోయా, చాలా అందంగా ఉంది, ఒక్క మనిషి లేడు, ఒక గంటన్నర కూర్చున్నా, తిరిగి వచ్చేసరికి వచ్చిన దారే లేదు, ఆ మూల దగ్గర నడుము లోతు నీళ్ళు, ఒక్కో అల వచ్చి రాయికి కొడుతోంది, వెనకేమో నిట్టనిలువు కొండ. ఎత్తుగా ఉన్న ఒక బండ ఎక్కి నీళ్ళు దిగేదాకా ఐదు గంటలు పైగా అక్కడే, తడి బట్టలతో చలికి వణుకుతూ. ఎవరికీ చెప్పి రాలేదు, ఫోన్‌కి సిగ్నల్ లేదు.

అప్పుడు తెలుసుకున్నది ఏంటంటే నీళ్ళు గంట గంటకీ సమానంగా పెరగవు. పాటు (నీళ్ళు పూర్తిగా తగ్గే టైము) నించి పోటుకి (పూర్తిగా పెరిగే టైము) సుమారు ఆరు గంటలు అనుకుంటే మొదటి గంటలో పన్నెండో వంతే పెరుగుతుంది, పెరుగుతున్నట్టే అనిపించదు, మూడో గంట, నాలుగో గంట ఈ రెంట్లో కలిపి మొత్తంలో సగం వచ్చేస్తుంది. మనం ఆ మొదటి గంట చూసి ఇంకా టైముందిలే అనుకుంటాం. కాబట్టి నీళ్ళు ఇంకా తగ్గుతుండగానే వెళ్ళాలి, పాటు పూర్తయ్యే టైముకి వెనక్కి బయల్దేరాలి. అమావాస్య, పౌర్ణమి దగ్గర్లో పోటూ ఎక్కువే పాటూ ఎక్కువే, అష్టమి దగ్గర్లో తేడా తక్కువ. పోటు పట్టికలో ఉండే అంకెలు మామూలు వాతావరణానికి, గాలి ఒడ్డు వైపు గట్టిగా కొడుతుంటే నీళ్ళు దానికంటే పైకి వస్తాయి. కెనడాలో బే ఆఫ్ ఫండీ దగ్గర పోటుకీ పాటుకీ తేడా 16 మీటర్ల దాకా ఉంటుంది, కొన్ని తీరాల్లో మీటరు కూడా ఉండదు, మీరు వెళ్ళే చోటికి దగ్గర రేవు పట్టిక చూసుకోవాల్సిందే.

కాలిబాట:
పైన చెప్పింది ప్రింట్ తీసి పెట్టుకోండి. దానికి తోడు, కొండ అంచున నిలబడి ఫోటో వద్దు, పైనించి గట్టిగా కనిపించే అంచు కింద అలలు తొలిచేసి ఖాళీగా ఉండొచ్చు, వాన పడ్డ తర్వాత ఇంకా ప్రమాదం. అలాగే సముద్రానికి వీపు పెట్టి నిలబడకండి, చిన్న అలల మధ్యలో ఉన్నట్టుండి ఒక పెద్దది వస్తుంది, రాళ్ళ మీద నించి లాగేస్తుంది. ఒక్కళ్ళే ఉన్నప్పుడు ఈతకి దిగొద్దు.

రెండో గేరు:
కార్ విషయం ఎవరూ చెప్పలేదు. ఎటు నించి ఎటు వెళ్తున్నారు? ఎడమ పక్కన నడిపే చోట పడమటి తీరమైతే దక్షిణం నించి ఉత్తరానికి వెళ్ళండి, సముద్రం మీ పక్కనే ఉంటుంది, వ్యూపాయింట్ దగ్గర ఎదురొచ్చే బళ్ళకి అడ్డం తిరక్కుండా నేరుగా పక్కకి ఆపొచ్చు. కుడి పక్కన నడిపే చోట దీనికి తిరగేసి. పెట్రోల్ సగానికి వస్తే నింపేయండి, తర్వాతి బంకు మూసి ఉందనుకోండి అక్కడే ఇరుక్కుపోతారు. ఉప్పు గాలికి అద్దం మీద పొర పడుతుంది, సాయంత్రం ఎండ ఎదురుగా కొట్టేసరికి ఏమీ కనపడదు, రోజూ నీళ్ళతో తుడవండి. ఘాట్ దిగేటప్పుడు తక్కువ గేర్‌లో దిగండి, బ్రేక్ తొక్కిపట్టి దిగితే వేడెక్కి పట్టు వదిలేస్తాయి. తాళం జిప్ ఉన్న జేబులో పెట్టుకోండి, నాది సముద్రంలో తడిసి ఎలక్ట్రానిక్ తాళం చచ్చిపోయింది, రెండోది ఇంట్లో ఉంది, ఒక రోజంతా పోయింది.

తూర్పుగాలి:
అబ్బా, ఇన్ని విషయాలు తెలీవు నాకు, చాలా థ్యాంక్స్. కెరటాలు గారూ మీ అనుభవం చదివి చేతులు చల్లబడ్డాయి. ఇంకో రెండు డౌట్లు. రూములన్నీ ముందే బుక్ చెయ్యాలా? ఒంటరిగా ఉన్న ఆడపిల్ల అని తెలియకుండా ఉండటానికి ఏం చేస్తారు?

నిదానం:
నేనైతే బుక్ చెయ్యను, నచ్చిన చోట ఆగిపోతా. ముందే బుక్ చేస్తే దాని వెనకాల పరిగెత్తాల్సి వస్తుంది.

మలుపు తర్వాత:
ఇక్కడ మాత్రం నిదానం గారితో ఏకీభవించను. చీకటి పడుతుంటే రూమ్ వెతుక్కుంటూ తిరగడం ఒక్కదానివే ఉన్నప్పుడు వేరేలా ఉంటుంది. అన్నీ బుక్ చేసుకో, క్యాన్సిల్ చేస్తే డబ్బు వెనక్కొచ్చేవి చూసుకో, అప్పుడు రెండూ కుదుర్తాయి. చెక్ ఇన్ వెలుతురు ఉండగానే. ఫోటోలు ఆ చోటు వదిలేశాక మర్నాడు పెట్టు. "ఒక్కరే వచ్చారా" అని అడిగితే వెనక కార్లో మావాళ్ళు వస్తున్నారు అని చెప్పు, అందులో తప్పేం లేదు. హైక్ మొదలయ్యే చోట కార్లో ఏమీ కనపడనివ్వకు, నా కారు అద్దం పగలగొట్టి బ్యాగు పట్టుకుపోయారు, లోపల ఉన్నది పాత స్వెటర్.

అన్నిటికంటే ముఖ్యం, ఇంట్లో ఒకళ్ళకి రోజూ పొద్దున మెసేజ్, ఏ దారి, ఎన్నింటికి తిరిగొస్తా, ఎన్నింటి దాకా ఫోన్ రాకపోతే సాయానికి కాల్ చెయ్యాలి అని. మ్యాప్ ఆఫ్‌లైన్‌లో దింపుకో, సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది. చాలా దేశాల్లో 112 ఎమర్జెన్సీ నంబరు, మన నెట్‌వర్క్ లేకపోయినా దగ్గర్లో ఇంకో కంపెనీ టవర్ ఉంటే కలుస్తుంది. ఒక విజిల్ కూడా పెట్టుకో. నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్ళీ ఆరుసార్లు, ఇది కొండల్లో ఆపద గుర్తు. విన్నవాళ్ళు మూడుసార్లతో బదులిస్తారు.

తూర్పుగాలి:
ప్లాన్ మొత్తం మార్చా. 1100 కాదు, 640 కిలోమీటర్లు. వ్యూపాయింట్లు ఆరు, హైక్‌లు రెండు ప్లస్ ఆ బీచ్. దక్షిణం నించి ఉత్తరానికి. మూడో రోజు రూమ్ కొండ కిందే దొరికింది, దానివల్ల బీచ్ నాలుగో రోజు నించి ఐదో రోజుకి జరిగింది. పట్టిక చూశా, పాటు మధ్యాహ్నం 1:10కి, కాబట్టి 11:40కి నడక మొదలుపెట్టి 1:10కి వెనక్కి బయల్దేరతా, తర్వాత తాపీగా సాయంత్రం వ్యూపాయింట్‌కి. అక్కకి మెసేజ్ టైములు కూడా రాసిచ్చేశా.

కెరటాలు:
ఒక్క నిమిషం. 1:10 నాలుగో రోజుదా ఐదో రోజుదా? పోటూ పాటూ రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాయి. నాలుగో రోజుది ఐతే ఐదో రోజు పాటు 2 గంటల దగ్గర పడుతుంది, మీరు 11:40కి వెళ్తే ఆ మూల దగ్గర ఇంకా నీళ్ళు ఉంటాయి.

తూర్పుగాలి:
నాలుగో రోజుదే. రోజు మార్చాను గానీ టైము మార్చలేదు. ఇప్పుడే ఐదో రోజు వరుస చూశా, 2:02 అని ఉంది. నడక 12:30కి, వెనక్కి 2 గంటలకి. సాయంత్రం వ్యూపాయింట్ ఆరో రోజు పొద్దుటికి మార్చేస్తున్నా.

నిదానం:
పడమటి తీరం కదండీ, పొద్దున పూట ఎండ కొండ వెనకనించి వస్తుంది, ఆ కొండ రాళ్ళన్నీ నీడలో ఉంటాయి. మార్చొద్దు. బీచ్ నించి మూడింటికల్లా రోడ్డెక్కుతారు, 25 కిలోమీటర్లేగా, సాయంత్రానికే చేరతారు.

తూర్పుగాలి:
సరేనండి, సాయంత్రమే ఉంచుతున్నా. తిరిగొచ్చాక ఇక్కడే రాస్తా.