పండగల్లేని ఏడాదిలో సావిన్ రాత్రి టారో కార్డులు, ఎవరైనా చేశారా?

హిందూపురం_పిల్ల:
అందరికీ నమస్తే. నేను బెంగళూరు మారతహళ్ళిలో పీజీలో ఉంటా, మాది హిందూపురం పక్క పల్లె. మా అవ్వ, అంటే నాయన వాళ్ళమ్మ, ఆషాఢంలో పోయింది. అందుకని ఈ ఏడాది మాకు పండగల్లేవు, దసరా లేదు దీపావళి లేదు, మొన్న పీజీలో అందరూ టపాసులు కాలుస్తుంటే నేను మిద్దె మీద బట్టలారేసే చోట కూచుని చూశా. విషయం ఏంటంటే మా టీమ్‌లో ఐర్లాండ్ నుంచి పనిచేసే ఒకావిడ ఉంది, అక్టోబర్ 31 రాత్రి సావిన్ అని చేసుకుంటుందంట, పోయినవాళ్ళని తలుచుకుని దీపం పెట్టి టారో కార్డులు, అంటే జోస్యానికి వాడే బొమ్మల పేక, తీసి నోట్‌బుక్‌లో రాసుకుంటుందంట, జోస్యం కాదు ఊరికే మన మనసు మనం చూసుకోడానికి అంది. ఆ మాట పట్టుకుంది నన్ను. మన పంచాంగంలో లేని పండగ కాబట్టి మైల కూడా అడ్డం రాదు కదా అని నా లాజిక్ (నవ్వకండి). చర్చ్ స్ట్రీట్‌లో ఒక కట్ట కొనేశా. నవంబర్ 1 కర్ణాటక రాజ్యోత్సవ సెలవు, కాబట్టి రాత్రి ఎంతసేపైనా కూచోవచ్చు. మూడు కార్డులు తీయాలా పది తీయాలా, అవ్వని ఏమన్నా అడగొచ్చా, డెత్ కార్డు వస్తే ఏం చేయాలి? రూమ్మేట్ అయితే కట్ట చూడగానే నా పెళ్ళెప్పుడో చూడవే అని మొదలెట్టింది.

ఉప్పుశనగలు:
చిలక లేని చిలక జోస్యం అన్నమాట. కనీసం చిలకైతే గింజ తిని పంజరంలోకి పోతుంది, ఇక్కడ గింజ కూడా మన నోట్లోకే. సరే జోకులు పక్కనపెడితే, మైలకి లూప్‌హోల్ వెతికిన మొదటి మనిషివి నువ్వే తల్లీ, మీ అవ్వ ఉంటే మెచ్చుకునేది. ఒక్కటి చెప్తా, డబ్బులిచ్చి ఎవరి దగ్గరా చెప్పించుకోకు. మా అక్క పోయినేడు ఒకావిడ దగ్గరికి వెళ్తే కార్డులకి వెయ్యి, తర్వాత ఏదో శాంతి అని ఇంకో నాలుగు వేలు లాగింది.

పేకకట్ట:
కొంచెం చరిత్ర చెప్తా, ఎందుకంటే ఇంటర్నెట్లో అంతా వేల ఏళ్ళ ఈజిప్టు రహస్యం అని ఊదరగొడతారు. టారో పుట్టింది 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో, అదీ పేకాటగా. ఫ్రాన్సులో ఇప్పటికీ మనోళ్ళు రమ్మీ ఆడినట్టు ఆడతారు. ఈజిప్టు కథ 1781లో ఒక ఫ్రెంచాయన అల్లింది, జోస్యం ఊపందుకుంది ఆ తర్వాతే. కట్టలో మొత్తం 78 కార్డులు, అందులో 22 బొమ్మ కార్డులు, మిగతా 56 మన పేక లాంటివే, కాకపోతే రాజు రాణి జాకీలతో పాటు గుర్రపు రౌతు అదనం, నాలుగు రంగులకి (కప్పులు, నాణేలు, కత్తులు, కర్రలు) నలుగురు, 52కి 56 అట్లా వచ్చింది. ఇప్పుడు ఎక్కువగా దొరికే కట్టలో ఆ 56కీ బొమ్మలుంటాయి, అవన్నీ 1909లో పమేలా కోల్‌మన్ స్మిత్ అనే ఆవిడ వేసినవి, కట్ట పేరులో మాత్రం చాలాకాలం వేయించిన వెయిట్, అచ్చేసిన రైడర్ అని మగాళ్ళ పేర్లే ఉండేవి, ఆవిడకి దక్కింది తక్కువే.
సావిన్ మాత్రం నిజంగా పాతది. ఐరిష్ భాషలో నవంబర్ నెల పేరే అది. కోతలయ్యి, పశువుల్ని కొండల మీంచి దించి, చలికాలంలోకి అడుగుపెట్టే రోజు. ఆ రాత్రి శకునాలు చూసే అలవాటు కూడా ఉండేది, నిప్పుల్లో రెండు గింజలు పక్కపక్కన వేసి ఈ జంట కలిసుంటుందా లేదా అని చూడటం, యాపిల్ తొక్క తీగలా ఒలిచి భుజం మీంచి వెనక్కి విసిరి పడిన ఆకారంలో కాబోయేవాడి అక్షరం వెతకడం. రూమ్మేట్‌కి యాపిల్ ఇవ్వు, పని అయిపోతుంది.

జయనగర్_అక్క:
అమ్మాయ్, నేను ఆరేళ్ళుగా చేస్తున్నా, సావిన్‌కి కాదు, డిసెంబర్ 21న, అక్కడ ఏడాదిలో పగలు అన్నిటికంటే చిన్నదయ్యే రోజు, వాళ్ళు యూల్ అంటారు. మా ఇంట్లో ఆ టైముకి అవరేకాయలు వచ్చేస్తాయి, ఒక పక్క ఒలుస్తూ ఒక పక్క కార్డు చూస్తా. అయినా డబ్లిన్‌లో ఆ రోజు పగలు ఏడున్నర గంటలే, మన బెంగళూరులో పదకొండు పైనే, వాళ్ళ చీకటి మనకి రాదు, అది నటించనక్కర్లేదు. బయట వాన పడుతుంటే వానే నీ సీజన్ అనుకో.
పది కార్డుల సెల్టిక్ క్రాస్ జోలికి పోవద్దు, మూడు చాలు. కట్టతో వచ్చిన చిన్న పుస్తకం తీసి పెట్టెలో పడెయ్. కార్డు తిప్పగానే అర్థం వెతక్కుండా బొమ్మలో ఏం కనపడుతోందో రాయి, మనిషి ఎటు చూస్తున్నాడు, చేతిలో ఏముంది, నేల ఎట్లుంది, ఇట్లా. అది రాస్తుండగానే నీ విషయం దానంతటదే దూరిపోతుంది, నీకే తెలీకుండా. తలకిందులుగా వచ్చిన కార్డుల్ని నిలబెట్టెయ్, మొదటిసారే ఆ గొడవ ఎందుకు. నచ్చలేదని మళ్ళీ తీయొద్దు. నేను ఒకసారి ఉద్యోగం మానాలా వద్దా అని ఏడుసార్లు తీశా, ఏడోసారికి మానమని వచ్చిందని సంబరపడ్డా, అంటే నాకేం కావాలో మొదటిసారికే తెలుసు కదా.
అవ్వని ప్రశ్న అడగడం మాత్రం వద్దమ్మా. కోపంగా ఉన్నావా అని అడిగి కత్తుల కార్డు వచ్చిందనుకో, ఆ రాత్రి నిద్రపోతావా? అవ్వ గురించి నిన్ను నువ్వు అడుక్కో. ఇంక డెత్ కార్డు అంటావా, దాంట్లో గుర్రం మీద అస్థిపంజరం వస్తుంటుంది, రాజు కింద పడిపోయుంటాడు, ఒకమ్మాయి మొహం తిప్పేసుకుంటుంది, పక్కన చిన్నబిడ్డ మాత్రం తలెత్తి చూస్తుంటుంది. నాకు ఆ బిడ్డంటే ఇష్టం.

హిందూపురం_పిల్ల:
అక్కా చేశా. రూమ్మేట్ యాపిల్ తొక్క విసిరితే మంచం కింద పడింది, ఏ అక్షరమో తేలలేదు.
నాకు మొదట నాణేల ఎనిమిది వచ్చింది, ఒకడు బల్ల మీద కూచుని నాణేలు చెక్కుతుంటాడు, మా మేనేజర్‌కి నచ్చే కార్డు, నాకేం తోచలేదు. రెండోది కప్పుల అయిదు. నల్ల దుప్పటి కప్పుకున్న మనిషి తల వంచుకుని నిలబడి ఉంటాడు, ముందు మూడు కప్పులు ఒలికిపోయి ఉంటాయి. చూసింది రాయమన్నావు కదా, ఒలికిపోయినవి అని రాసి ఆగకుండా రెండు పేజీలు రాసేశా. ఆ రోజు హెబ్బాళ దగ్గరే రెండు గంటలు బస్సు కదల్లేదు, నేను పోయేసరికి తీసుకెళ్ళిపోయారు, వాకిట్లో నీళ్ళు చల్లి ఉన్నాయి. ఇదెవరికీ చెప్పలేదు ఇంతవరకు. తర్వాత మళ్ళీ చూస్తే ఆయన వెనకాల ఇంకో రెండు కప్పులు నిలబడే ఉన్నాయి, అంతసేపు నాకు కనపడనే లేదు. అవేంటో రాద్దామని పెన్ను పట్టుకుని ఊరికే కూచున్నా, ఏమీ రాలేదు. పదకొండు దాటాక అమ్మకి ఫోన్ చేశా. ఏమే ఈ టైములో అని కంగారుపడింది, ఏం లేదులే అని అవీ ఇవీ మాట్లాడాం, మధ్యలో తనే అంది, అవ్వ వక్కాకు సంచి మాసిపోయింది, సున్నం మరకలు పోవడం లేదు, పారేద్దామనుకుంటాండా, నీకేమన్నా కావాల్నా అని. ఉంచమన్నా. మూడో కార్డు ఇంకా తిప్పలేదు.

ఉప్పుశనగలు:
తిప్పకుండా ఎట్లా పడుకున్నావ్ తల్లీ, ఇక్కడ నాకే ఆగట్లేదు.

హిందూపురం_పిల్ల:
ఆదివారం ఊరికి పోతాండా అన్నా. కట్ట ఆ సంచిలో పడుతుందో లేదో కొలిచి చూస్తా, కార్డు సంగతి ఆ తర్వాత.